మేడమీది వేధశాల

ఆకాశమును పరిశీలింపవలెనను కోరిక పుట్టిన గృహస్థుడు మొట్టమొదట చేయు పని దూరదర్శినిని కొనుట. అంతకు ముందే చేయవలసిన పని దానిని నిలుపు చోటును సిద్ధము చేసికొనుట. ఈ రెండింటి వరుస తారుమారగుటచేతనే ఎన్నో యిండ్లలో ముచ్చటపడి తెచ్చుకొన్న గొట్టములు అటకలమీద దుమ్ము కొట్టుకొని పడియున్నవి. ఇది సామాన్యులకు మాత్రమే పట్టిన బలహీనత యనుకొనవలదు. నవాబు జఫర్ జంగ్ బహద్దూరు 1901లో హైదరాబాదునందలి ఫిసల్‌బండలోని తన యెస్టేటున సొంత ఖర్చుతో వేధశాలను నెలకొల్పి, గ్రబ్ కర్మాగారమువారి 15 అంగుళముల దూరదర్శినిని తెప్పించి, నిజాము ప్రభువు పేర దానికి నిజామియా వేధశాల యని నామకరణము చేయించెను. 1907లో ఆయన కాలధర్మము నొందగా, మరుసటి యేడు ప్రభుత్వము దానిని స్వాధీనము చేసికొనెను. పిమ్మట అది బేగంపేటకు తరలినది. 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయము చేతికి వచ్చినది. కాని ఆ 15 అంగుళముల దూరదర్శిని తన పీఠముపై కుదురుకొని పరిశీలనకు పనికివచ్చుసరికి 1922వ సంవత్సరము వచ్చెను. దానిని తెప్పించిన దాత గతించి అప్పటికి పదునైదేండ్లు.

అంతకు చాల పూర్వమే విశాఖపట్టణమున గోడే వెంకట జగ్గారావు, చెన్నపట్టణపు వేధశాలాధిపతి టి.జి. టేలర్ వద్ద శిక్షణ పొందివచ్చి, 1840 ప్రాంతమున డాబా గార్డెన్స్‌లోని తన యింట వేధశాల నేర్పరచుకొనెను. 1856లో ఆయన మరణింపగా, అల్లుడగు అంకితం వెంకట నరసింగరావు ఆ బాధ్యతను తలకెత్తుకొని, 1868లో బుధుడు సూర్యబింబమును దాటుటను, 1874 డిసెంబరు 9న శుక్రుడు దాటుటను పరిశీలించెను; లండనులోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీకి ఫెలోయు నయ్యెను. 1892లో తాను కన్నుమూయువరకు ఆ యింటి వేధశాలను సాకుచు వచ్చెను. ఆయన చేతనున్న కుక్ దూరదర్శిని 6 అంగుళములది. హైదరాబాదు నవాబుగారి యంత్రముతో పోల్చిన అది చిన్నపిల్ల. అయినను దానికొక గది, ఆ గదిలో ఒక పీఠము, ఆ పీఠము ప్రక్కన వేళ తప్పక వచ్చి నిలుచు మనిషి యుండుటచేత, గ్రహగతు లాయనకొరకు ఆగకపోయినను ఆయన వానిని అందుకొనగలిగెను.

ఈ రెండు వృత్తాంతములను పక్కపక్కన నుంచి చూచినవారికి గృహవేధశాల ప్రాణ మెక్కడ నున్నదో బోధపడగలదు. చూడవలెనని తోచిన క్షణమునకును, కంటికి నక్షత్రము కనబడిన క్షణమునకును నడుమ గడచు కాలమే దాని యోగ్యతకు కొలత. అలమారలోనుండి మూడు పెట్టెలు దించి, రెండంతస్తుల మెట్లమీదుగా మోసి, త్రిపాదిని నిలిపి, తీగెలు తగిలించి, ధ్రువుని వెదకి, ఇంత చేయుసరికి ముప్పావుగంట గడచిన యెడల, పగలంతయు కొలువు చేసి సుచిత్ర కూడలిలోనో కొంపల్లిలోనో వాహనముల మధ్య చిక్కి యిల్లు చేరిన మనిషి ఎంత యుత్సాహవంతుడైనను నాలుగవ నాటికి "రేపు చూతములే" యనక తప్పదు. యంత్రము శాశ్వతముగ నిలిచి, కప్పు తొలగించిన ఐదు నిమిషములలో పని మొదలగునట్లున్నచో, ఆ మనిషియే అన్నము తినుటకు ముందొక పావుగంట, పండుకొనుటకు ముందొక పావుగంట మేడ యెక్కును. సంకల్పబలమునుగూర్చి పుస్తకములు చెప్పు మాటలకంటె ఈ ఐదు నిమిషముల యేర్పాటు అభ్యాసమును బాగుగ నిలుపునని నా నమ్మకము. ఈ యధ్యాయమంతయు ఆ యేర్పాటుకొరకే.

మేడ్చల్, శామీర్‌పేటలవారు ఆకాశము తమకు ఏ దిక్కున ఎంత మిగిలినదో ముందు తేల్చుకొనవలెను. ఈ యూళ్లు ఇంచుమించు 17.6 డిగ్రీల ఉత్తర అక్షాంశమున, హైదరాబాదునకు ఉత్తరపు టంచున నున్నవి. కావున మహానగరపు వెలుగంతయు, దానికి తోడు ఔటర్ రింగురోడ్డు దీపములును మనకు దక్షిణముననే ప్రోగుపడును. చిక్కేమనగా, ఈ యక్షాంశమువారికి ప్రకృతి ప్రత్యేకముగ నొసగిన సంపదయు ఆ దిక్కుననే యున్నది. ఉత్తర యూరపువారు తమ యింటనుండి జన్మలో చూడజాలని అగస్త్య నక్షత్రము మనకు దక్షిణమున 20 డిగ్రీల యెత్తువరకు వచ్చును; ఒమేగా సెంటారి యను మహా తారాగుచ్ఛము 25 డిగ్రీలవరకు లేచును; త్రిశంకు మండలము పండ్రెండు డిగ్రీల చెంత క్షితిజమును రాచుకొనుచు పోవును. 20 డిగ్రీల యెత్తున నున్న తార వెలుగు, నడినెత్తిన నున్నదాని వెలుగుకంటె దాదాపు మూడింతల గాలిని చీల్చుకొని రావలెను. ఆ గాలిలో నగరపు దుమ్మును, నగరపు దీపకాంతియు కలిసిన పిమ్మట కంటికి మిగులునది బూడిదవన్నె తెర. ఎనిమిదంగుళముల యంత్రమునకు బదులు పదునాలుగంగుళములది కొనినను ఆ తెర తొలగదు. ఉస్మానియావారు తమ 48 అంగుళముల దూరదర్శినిని నగరములో నిలుపక, దూరముగ జపాల్-రంగాపూర్ గ్రామముల నడుమ నిలిపి 1968లో పనిలోనికి తెచ్చుటకు కారణ మిట్టిదే. గృహస్థునకు ఆ సౌకర్యము లేదు. ఇల్లెక్కడనో వేధశాలయు నక్కడనే.

మనకు దక్కినవి నడినెత్తియు, ఉత్తరమును. రోహిణియు స్వాతియు మన ఖమధ్యమునకు రెండు డిగ్రీల లోపుననే దాటిపోవును. పుష్యమీ గుచ్ఛము, కృత్తికలు గాలి పలుచనైన యెత్తులో నడచును. ఉత్తరమున సప్తర్షుల చెంతనున్న ఎం 81, ఎం 82 గెలాక్సీల జంట 38 డిగ్రీల చెంతవరకు లేచును. శామీర్‌పేటవారికి తుర్కపల్లి జీనోమ్ వ్యాలీ పరిశ్రమల వెలుగు ఉత్తరమున కొంత తగులునుగాని, దక్షిణపు వెలుగుతో దానికి పోలిక లేదు. వీధిదీపము చెరుపజాలని పనులును పెక్కు గలవు: చంద్రుడు, గ్రహములు, జంటతారలు, చంద్రబింబము తారలను మరుగుపరచు వేళల నమోదు, కాంతి మారు నక్షత్రముల అంచనా. 2019 చివరనుండి 2020 ఫిబ్రవరివరకు ఆర్ద్రా నక్షత్రము మసకబారిన వైనమును నగరము నడిబొడ్డున నున్నవారు సైతము ఉట్టికంటితో కనిపెట్టగలిగిరి. 1949లో కనుగొన్న తోకచుక్కకు తన పేరు దక్కించుకొన్న వైను బప్పు, నిజామియా వేధశాలలో ఉద్యోగియైన తండ్రి నీడన పెరిగి, విద్యార్థిదశలో చరతారలతోనే చేయి తిప్పుకొన్నవాడు.

కొనుటకు ముందు ఒక నెల దినములు కుర్చీయు నోటుపుస్తకమును పట్టుకొని మేడ యెక్కవలెను. నాలుగు దిక్కుల అంచును కాగితముపై గీసికొని, ప్రక్కింటి నీళ్ల ట్యాంకు ఎంత యెత్తు, వేపచెట్టు ఎంత మేర, వీధిదీప మెచ్చట, ఏ వేళకు ఏ యింటి వరండా దీప మారును, ఇవన్నియు వ్రాసికొనవలెను. ధ్రువనక్షత్రము మన అక్షాంశమెంతయో అంతే యెత్తున, అనగా 17.6 డిగ్రీల చెంత, నుండును గనుక, ఉత్తరపు ప్రక్కన రెండంతస్తుల యిల్లు లేచినచో అది కనబడదు. మేడ్చల్ రహదారివెంట ఫంక్షన్ హాళ్లు బారులు తీరియున్నవి. మాఘమాసపు ముహూర్తములును, ఏటిలో మిక్కిలి నిర్మలమైన రాత్రులును ఒక్కసారియే వచ్చుటచేత, మబ్బులేని ఆకాశముమీద పెండ్లివారి లేసరు దీపములు ఆడుచుండును. దానిపై కోపగించుకొనుటకంటె పంచాంగము చూచి, ఆ రాత్రులను చంద్రునికి గ్రహములకు కేటాయించుట మేలు.

ఇక చోటు. పెరడున్నవారు నేలనే యెన్నుకొనవలెను. ఈ ప్రాంతపు నేల క్రింద దాదాపు 250 కోట్ల యేండ్లనాటి గ్రానైటు రాయి పెక్కుచోట్ల రెండు మూడడుగుల లోతుననే తగులును. ఆ రాతిపై సిమెంటు దిమ్మె కట్టించుకొనగలుగుట పెద్ద భాగ్యము. మేడమీద కట్టక తప్పనివారు, స్లాబు నడుమ ఎన్నడును కట్టరాదు. క్రిందినుండి వచ్చిన స్తంభమును, దూలమును కలియు చోటు ఎక్కడనో ఇంటి ప్లానులో చూచి, దానికి సరిగ పైన దిమ్మె లేపవలెను. మనిషి నిలుచు నేలకును దిమ్మెకును నడుమ వ్రేలు దూరునంత సందు విడువవలెను. ఆ సందును అందముకొరకు సిమెంటుతో పూడ్చు మేస్త్రికి ముందే చెప్పియుంచుట మరవరాదు. మా దిమ్మె కట్టిన మేస్త్రి మూడవ బస్తా విప్పునప్పుడు పని యాపి, "దీని మీద తులసమ్మను పెడతరా సారూ?" యని యడిగెను. టెలిస్కోపు పెట్టుదుమని చెప్పగా, "ఒక్క మనిషి లేపేటి దానికి ఏనుగు నిలబడే దిమ్మె గడుతున్నరు గద!" యని నవ్వెను. ఆతని లెక్క న్యాయమైనదే. బరువు మోయుటకే యయిన ఇటుకలు నాలుగు చాలును. రెండువందల రెట్లు పెంచి చూచు కటకములో దిమ్మె వణకును రెండువందల రెట్లు పెరుగుననునది ఆతనికి తెలియుటకు, పని ముగిసినరాత్రి శనివలయములను చూపవలసివచ్చెను. ఆ పిమ్మట సందులో సిమెంటు పోయుదునని ఆతడు మరల ననలేదు.

గుండ్రని గోపురము కంటి కింపుగాని, గృహస్థునకు జరుగుడు కప్పు చాలును. ఎనిమిదడుగుల చదరపు గది, నాలుగున్నర లేదా అయిదడుగుల గోడలు, పైన ఇనుప చట్రమున బిగించిన రేకులు, ఆ చట్రము క్రింద ప్రహరీ గేటునకు వేయు గాడి చక్రములు, అవి నడచుటకు బోర్లించిన యాంగిల్ ఇనుము. వెల్డింగు దుకాణములో గేటు చేయువానికి ఈ పని క్రొత్త కాదు గనుక ఆతనినే పిలువవలెను. పట్టాలు రెండును ఒకే మట్టమున, ఒకే యెడమున నున్నవో లేవో, రంగు వేయకముందు తాడుతోను, నీటిమట్టపు గొట్టముతోను తానే సరిచూచుకొనవలెను. ఒక కొన పావంగుళము విడిపోయినను కప్పు సగములో ఇరుక్కొని, వాన చినుకు పడు వేళకు రాక మొరాయించును. కప్పు ఏ ప్రక్కకు జరుగవలెనను ప్రశ్నకు విదేశపు పుస్తకములు పెక్కు "ఉత్తరమునకు" అని చెప్పును. మేడ్చల్‌లో అది తప్పు. ఉత్తరమునకు జరిపిన, పదునెనిమిది డిగ్రీలైన లేని ధ్రువుడు రేకుల చాటున బడును. దక్షిణమునకు జరిపినచో, ఎటులైనను చూడజాలని దిక్కున కప్పు నిలిచి, నగరపు వెలుగునకు తానే అడ్డుతెర యగును. అగస్త్యునిపై మనసున్నవారు మాత్రము పడమటికి జరుపుకొందురు గాక. ఏప్రిలు, మే నెలల సాయంకాలపు ఈదురుగాలులు ఈ రేకులను పతంగమువలె లేపగలవు గనుక, నాలుగు మూలల నాలుగు గడియలు, అవియు లోపలినుండి బిగియునవి, తప్పక యుండవలెను. రేకులపై తెల్ల సున్నమో, ఎండను తిప్పికొట్టు పూతయో వేయించవలెను.

ఉత్తరదిక్కును నిర్ణయించుటకు దిక్సూచిని నమ్మి మోసపోయినవారిని నేనెరుగుదును. మన ప్రాంతమున అయస్కాంతపు టుత్తరమునకును నిజమైన యుత్తరమునకును తేడా స్వల్పమే. కాని స్లాబులోని ఇనుప చువ్వలు సూచిని తమ యిష్టము వచ్చినట్లు త్రిప్పును. అంతకంటె సూర్యసిద్ధాంతమున చెప్పబడిన శంకుచ్ఛాయా విధానము సులువు, నిక్కము. మట్టమైన చోట నిటారుగ ఒక కర్ర నిలిపి, దాని మొదలు కేంద్రముగ వృత్తము గీచి, ఉదయము నీడకొన వృత్తమును తాకిన బిందువును, మధ్యాహ్నము దాటిన పిమ్మట తిరిగి తాకిన బిందువును గుర్తించి కలిపిన గీత తూర్పుపడమరలను చూపును. డిసెంబరు మూడవ వారమున చేసిన మంచిది. అప్పుడు సూర్యుని క్రాంతి దినదినము మారుట అత్యల్పము, ఆకాశమును నిర్మలము. దిమ్మె నిటారుగ నున్నదా యను సందేహమునకు మే 10వ తేదీ చెంత పరీక్ష గలదు: ఆ దినములలో మధ్యాహ్నము 12 గంటల 12 నిమిషముల ప్రాంతమున సూర్యుడు మన నడినెత్తికి వచ్చి నిటారు వస్తువులకు నీడ లేకుండ చేయును. ఆగస్టు తొలి దినములలోను ఇది జరుగునుగాని, మబ్బులు చూడనీయవు.

యంత్రము నిలుపు వేళ మన అక్షాంశము తెచ్చిపెట్టు చిక్కొకటి గలదు. దీనినిగూర్చి అమ్మువారు చెప్పరు. భూభ్రమణమునకు సరిపడ తిరుగు మౌంటులు పెక్కు 40, 50 డిగ్రీల అక్షాంశములవారికై తయారగును. 17.6 డిగ్రీలకు వంచునప్పుడు ధ్రువాక్షము దాదాపు పరుండినట్లగును. ప్రతిభారపు కడ్డీ ఇంచుమించు నిట్టనిలువుగ క్రిందికి వ్రేలాడి, ఉత్తరపు ప్రక్కనున్న త్రిపాది కాలికి కొట్టుకొనును. ఎత్తును సవరించు మర బిగిసిపోయి కదలదు. త్రిపాదిని త్రిప్పి, ఒక కాలు దక్షిణమునకు వచ్చునట్లుంచినచో ఉత్తరమున రెండు కాళ్ల నడుమ ఖాళీ దొరకును. దిమ్మె కట్టువారు పైభాగమును లావుగ కట్టక, సన్నని ఇనుపగొట్టముతో ముగించినచో ఈ బాధయే లేదు. కొనకముందే మౌంటు అక్షాంశపు కొలబద్ద ఎచ్చట మొదలగుచున్నదో అడిగి తెలిసికొనవలెను. 20 వద్ద మొదలగునది మనకు పనికిరాదు. ఎత్తు, దిక్కు అను రెండక్షములపై నడచు యంత్రములు కొన్నవారికి వేరొక బాధ: మనకు ప్రియమైన తారలన్నియు నడినెత్తి మీదుగ పోవునవి గనుక, సరిగ నచ్చటనే ఆ యంత్రములు తడబడి గిర్రున తిరుగును. పావుగంట ఓపిక పట్టిన తార నడినెత్తి దాటును, యంత్రము కుదుటపడును.

ధ్రువాక్షమును సరిగ ధ్రువమువైపు త్రిప్పుకొనుటకు, ధ్రువుడు కనబడనివారికి జారుడు పద్ధతియే శరణ్యము. మోటారు నడుచుచుండగా, యామ్యోత్తరరేఖకును విషువద్వృత్తమునకును దగ్గరనున్న తార నొకదానిని అడ్డగీతల కటకమున నిలిపి ఐదు నిమిషములు చూడవలెను. అది దక్షిణమునకు జారినచో ధ్రువాక్షము తూర్పునకు తిరిగియున్నదనియు, ఉత్తరమునకు జారినచో పడమటికి తిరిగియున్నదనియు గ్రహింపవలెను. పిదప తూర్పున 20 డిగ్రీల యెత్తున నున్న తారను పట్టి చూచినపుడు, దక్షిణమునకు జారుట అక్షము పల్లముగ నున్నదనుటకును, ఉత్తరమునకు జారుట మిట్టగ నున్నదనుటకును గుర్తు. కటకములో దక్షిణ మేదియో తెలియక తికమకపడువారు గొట్టమును ధ్రువుని వైపునకు కొంచెము నెట్టిన, తార ఏ అంచుకు పోవునో అదియే దక్షిణము. ఒకసారి దిమ్మెపై ఇది కుదిరినచో ఏడాదిలో మరల చేయవలసిన పని యుండదు. త్రిపాదివారు ప్రతి రాత్రియు మొదటికి రావలెను.

ఇంత చేసినను చెడు రాత్రులు వచ్చును. అప్పుడు లోపమును నేలనుండి పైకి వెదకుట యలవరచుకొనవలెను. పెక్కుమంది పైనుండి క్రిందికి వెదకి, మొదట కటకమును, పిమ్మట దర్పణమును, తుదకు తయారుచేసినవానిని నిందింతురు. తప్పు మాత్రము పాదముక్రింద నుండును. తార వణకుచున్న యెడల గొట్టమును వ్రేలితో మెల్లగ తట్టి చూడవలెను. రెండు మూడు క్షణములలో వణకు చల్లారినచో దిమ్మెయు మరలును సరిగనున్నవి. చల్లారనిచో ఎచ్చటనో మర వదులైనది. తట్టకయే, ఒక లయతో వణకుచున్నచో బోరు మోటారు నడుచుచున్నదేమో క్రిందికి కేక వేసి యడుగవలెను. ట్యాంకులోనికి నీరెక్కుచున్నంతసేపు మేడ యంతయు సన్నగ అదరుచుండును. లయ లేక, నీటి అడుగున నున్నట్లు తార అలలాడుచున్నచో అది గాలి దోషము. పగలంతయు ఎండ త్రాగిన స్లాబు తొమ్మిది గంటలవరకు వేడిని కక్కుచుండును. కప్పును గంట ముందే తెరచి, సాయంకాలము స్లాబుపై నీరు చల్లి, గ్రహములను రెండవ జాముకు వాయిదా వేసికొనుటకంటె దీనికి మందు లేదు. ఎనిమిదంగుళముల దర్పణము గదివేడినుండి బయటిచలికి దిగుటకే గంట పట్టును.

గాలి నిలుకడగ నుండియు తార బిందువు కానిచో, అప్పుడు దర్పణముల అమరిక చూడవలెను. ఎత్తుననున్న తారను కావలెనని మసకపరచిన, ఒకదానిలో నొకటి వలయములు కనబడును. వలయముల కేంద్రములు ఒక్కచోట లేక ఒక ప్రక్కకు ఒరిగినచో చిన్న దర్పణపు మరలను ఎనిమిదవ వంతు చుట్టు మాత్రమే త్రిప్పి, తారను మరల నడుమకు తెచ్చి చూడవలెను. తొందరపడి మూడు మరలను ఒకేసారి వదులుచేసినవారి రాత్రి అంతటితో సరి.

యంత్రము తనంత తాను నక్షత్రమును వెదకునదైన, దాని తప్పులలో సగము మనము టైపు చేసిన తప్పులే. దానిని నడుపు చేతి పెట్టె నెలను ముందు, తేదీని పిమ్మట అడుగును. మనము తేదీని ముందు కొట్టుదుము. మే 6 కాస్తయు జూను 5 యగును. మన కాలమండలము అయిదున్నర గంటలు; ఆ అరగంటను విడిచి అయిదనియో ఆరనియో యిచ్చినచో ఆకాశము ఏడున్నర డిగ్రీలు తప్పిపోవును. వేసవి సమయము గలదా యని యడిగిన లేదనవలెను, రేఖాంశము 78.5 డిగ్రీలు తూర్పు అనవలెను. ఇవన్నియు సరిగ నుండియు మోటారు సగము దూరము తిరిగి యాగిపోయి, పెట్టె మొదటినుండి పలుకరించుచున్నచో కరెంటు చాలలేదని తెలిసికొనవలెను. తీగె చివర మీటరు పెట్టి చూచువారు మోటారు ఆగియున్నపుడు చూతురు. 12 వోల్టులు చక్కగ కనబడును. మోటారు వేగముగ తిరుగుచున్నపుడు చూచినచో అవి పదికి పడిపోయియుండును. మెట్ల క్రిందనుండి సన్నని తీగెను లాగినవారందరికి ఈ గతి పట్టును; లావు తీగె వేసి, ప్రక్కననే బ్యాటరీ పెట్టుకొనుట సులువు.

జీవరాసుల సంగతి వేరుగ చెప్పవలసియున్నది. ఊరి అంచులలో కోతుల మూకలు గది గడియలను మనకంటె నేర్పుగ తీయును గనుక తాళము తప్పదు. ఉడుతలు తీగెల పైపొరను కొరుకును. చీమలు వెచ్చగ నున్న మోటారు పెట్టెలో గ్రుడ్లు పెట్టును. తెరచియుంచిన గొట్టపు మొన కందిరీగలకు కట్టని యిల్లు. తీగెలను ఇనుప గొట్టములలో నడిపి, గొట్టమునకు రెండు వైపుల మూతలు పెట్టుట యలవాటు చేసికొనవలెను. ఆ మూతలు పగటివేళ కంటిని కాపాడుటకును కావలెను: కప్పు తెరచిన గదిలో, పిల్లలు తిరుగు వేళ, సూర్యునివైపు తిరిగిన చిన్న వెదకుగొట్టమైనను చూపును క్షణములో పోగొట్టగలదు. సూర్యుని చూడదలచినచో వడపోత గొట్టపు ముందుకొననే యుండవలెను, కటకపు ప్రక్కన కాదు.

డిసెంబరు, జనవరి రాత్రులందు శామీర్‌పేట చెరువు చెంతవారికి తేమ బాధ యెక్కువ. పదిగంటలకు తారలు మసకబారుట చూచి మబ్బు పట్టినదని క్రిందికి దిగువారు, టార్చి వేసి ముందటి గాజును చూచినచో మంచు పట్టియుండుట కనబడును. దానిని గుడ్డతో తుడువరాదు. జుట్టు ఆరబెట్టు యంత్రపు వెచ్చని గాలి దూరమునుండి పట్టినచో చాలును. గొట్టపు ముందొక మూరెడు నల్ల అట్ట చుట్టినచో మంచు గంటసేపు ఆలస్యముగ వచ్చును. దర్పణముపై దుమ్ము కనబడుచున్నదని కడుగ బూనువారిని మరల మరల హెచ్చరింపవలసియున్నది: దుమ్ము చేయు కీడుకంటె తుడుపు చేయు కీడు శాశ్వతము.

పొరుగింటి మేడపై వెలుగు తెల్ల దీపమునుగూర్చి పత్రికలకు వ్రాయుటకంటె, వారి పిల్లలను పిలిచి గురుని చంద్రులను చూపుట ఫలించును. "కాస్త ఆ దీపమునకు మూత పెట్టించుకొందురా, ఖర్చు మేము పెట్టుకొందుము" అని పిమ్మట నడిగిన, కాదనువారు అరుదు.

ప్రతిరాత్రియు మెట్లు దిగకముందే పుస్తకమున నాలుగు పంక్తులు వ్రాయవలెను: వేళ, గాలి నిలుకడ, చూచినది, చెడినది. చెడినదానిని వ్రాయుటయే ముఖ్యము. ఆరు నెలల పిమ్మట అదే చిక్కు వచ్చినపుడు పుస్తకము తిప్పిన అయిదు నిమిషములలో మందు దొరకును. జూనులో తొలకరి పడకముందే కటకములను సిలికా జెల్ పొట్లములతో మూత బిగియు డబ్బాలలో పెట్టి, బూజుకు చోటివ్వక, గొట్టమును మాత్రము నూలుగుడ్డతో కప్పవలెను. ప్లాస్టిక్కు సంచిలో బిగించినచో లోపలి తేమ లోపలనే యుండి దర్పణమునకు చెరుపు చేయును. ఉరుముల కాలమున ప్రతి తీగెయు గోడనుండి ఊడదీసియుంచవలెను. దసరా వెళ్లి ఆకాశము తేటపడిన పిమ్మట, మొదటి దినము పగటివేళ చక్రములకు గ్రీజు పూసి, టార్చితో గొట్టమంతయు వెదకి, దిమ్మె మరలను మరల బిగించి, రాత్రి పది గంటల ప్రాంతమున నడినెత్తి చెంతకు వచ్చు ఉత్తరాభాద్ర తారలలో నొకదానిని మసకపరచి వలయములను చూడవలెను. అవి సరిపడువరకు బ్యాటరీని, చేతి పెట్టెను క్రిందనే యుంచవచ్చును.